తొమ్మిది అంగుళాలు

"సంతకం పెట్టను. ఏం చేసుకుంటారో చేసుకోండి."

కత్తెరక్క రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది. ఆమెకి అటొక కానిస్టేబులు, ఇటొక కానిస్టేబులు, ఇద్దరూ ఆడవాళ్ళే. ముందు బల్ల మీద గోడ కాగితం ఉంది. బల్లకి ఇవతల చెవులమ్మ పెన్ను మూత తీసి పట్టుకుని అయిదు నిమిషాలైంది.

కిటికీ బయట, కుట్టుపని ఆడవాళ్ళు పాతికమంది దాకా గేటు పట్టుకుని అరుస్తున్నారు. వాళ్ళలో కొందరి చేతులకి ఇంకా కట్లున్నాయి.

"ఇది ఒప్పుకున్నట్టు కాదు," అంది చెవులమ్మ. "చదివి వినిపించామని, మీరు విన్నారని. అంతే."

"విన్నాను. నా చెవులు బాగానే ఉన్నాయి. నీ చెవులే ఎక్కడో తేడా కొట్టాయి."

ఎడమ పక్క కానిస్టేబులుకి నవ్వొచ్చింది. దగ్గుతున్నట్టు నటించింది.

కాగితంలో ఉన్నది ఒక్క మాట. "వెనక తలుపుకి తాళం వెయ్యి. నేను చెప్పేదాకా తియ్యకు." దాని కింద, కటింగ్ హాలు, వెనక తలుపు పక్క గోడ, ఎత్తు నాలుగడుగుల నాలుగంగుళాలు అని రాసి ఉంది. ఆ తాళం వల్లే ఎనిమిది రోజుల కిందట ముందు దారి పక్క ఇస్త్రీ గదిలో మంటలు లేచినప్పుడు ఆడవాళ్ళు వెనక తలుపు దగ్గర ఇరుక్కుపోయారు. వాచ్‌మన్ బయటినుంచి పరిగెత్తుకొచ్చి తాళం తీసి, పదకొండు మందిని లాగి, ఇంకా ఎవరో ఉన్నారనుకుని లోపలికి వెళ్ళాడు. పైకప్పు పడింది. తాళం వెయ్యమన్నది ఎవరో చెప్పగలిగిన మనిషి అతనొక్కడే.

అతను పోయినా గోడ ఉంది. ఆ ఊళ్ళో గోడలు మాటల్ని పన్నెండు రోజులు పట్టి ఉంచుకుంటాయి. అక్కడ పుట్టినవాళ్ళకి అది వింత కాదు. గుట్టుగా మాట్లాడాల్సినవాళ్ళు రోడ్డు మీద నడుస్తూ మాట్లాడుకుంటారు. డబ్బున్నవాళ్ళు గదుల నిండా మందపాటి తెరలు కట్టించుకుంటారు. గోడకి గొంతు తెలియదు, ఆడో మగో తెలియదు. మాట మాత్రం, అన్న మనిషి నోరు ఎంత ఎత్తున ఉందో సరిగ్గా అంత ఎత్తున అంటుకుంటుంది. తడిగుడ్డతో తుడిచి, రాగి గిన్నె బోర్లా ఆనించి, చెవి పెడితే వినపడుతుంది. అదీ ఒక్కసారే. విన్న మాట గోడలోంచి పోతుంది. అందుకని విన్నవాళ్ళు రాసిందే ఆఖరి మాట. సర్కారు వినికిడి శాఖలో అలా వినేవాళ్ళు అయిదుగురు. వీధిలో పిల్లలు సరదాకి పెట్టిన చెవులమ్మ అనే పేరు ఇప్పుడు ఆఫీసులో కూడా స్థిరపడిపోయింది.

కుట్టు కార్ఖానాలో నాలుగడుగుల నాలుగంగుళాల ఎత్తున నోరున్న మనిషి ఒక్కతే ఉంది. కటింగ్ హాలు మేస్త్రీ, కత్తెరక్క. తాళాల విషయంలో వాచ్‌మన్‌కి చెప్పగలిగిన మనిషి కూడా ఆమే.

"ఈ నాలుగడుగుల నాలుగు ఎక్కణ్ణించి కొలిచావు?" అంది కత్తెరక్క.

"నేల మీంచి. ఇంకెక్కణ్ణించి కొలుస్తారు?"

"ఏ నేల?"

"నేలంటే నేలేనమ్మా."

"చెక్కల మీంచా, సిమెంటు మీంచా?"

చెవులమ్మ చేతిలో పెన్ను కదలలేదు. "చెక్కలేంటి?"

కత్తెరక్క మొహంలో కోపం పోయింది. దాని బదులు వచ్చింది భయం. ఇంత చిన్న సంగతి కూడా తెలియని మనిషి చేతిలో పడ్డానన్న భయం.

"హాలంతా చెక్కలు పరిచి ఉండేవి. వానల్లో కిందనుంచి నీళ్ళు ఊరతాయని, గుడ్డ పాడవుతుందని. జానెడు ఎత్తున. అన్నీ కాలిపోయాయి. బూడిద ఊడ్చేశాక వచ్చుంటావు నువ్వు."

నాలుగో రోజున వెళ్ళింది చెవులమ్మ. అప్పటికి నేల శుభ్రంగా ఉంది. బూడిద రంగు సిమెంటు.

"మీరు ముందే చెప్పాల్సింది."

"ఎవరు అడిగారు? ఈ అంకె ఇవాళేగా నా కంట పడింది."

కుడి పక్క కానిస్టేబులు గడియారం చూసుకుంది. "మేడమ్, సంతకం పెట్టనందని రాసెయ్యండి. శుక్రవారం విచారణలో ఆవిడే చెప్పుకుంటుంది."

శుక్రవారం విచారణలో గోడ కాగితం చదువుతారు. చదివాక ఎవరూ ఏమీ చెప్పుకోరు. అక్కణ్ణించి నేరుగా జైలు బండి. చెవులమ్మకి ఆ సంగతి తెలుసు. పెన్ను మూత పెట్టి, కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"రేపు రాస్తాను," అంది.

మధ్యాహ్నం రెండింటికి కాలిన కార్ఖానా దగ్గర ఆటో దిగింది. ఓనరు వాకిట్లో నిలబడి కుట్టుమిషన్లు లారీ ఎక్కిస్తున్నాడు. ఆరడుగుల మనిషి. గొంతు అంతకన్నా పొడుగు.

"ఆ మోటరు జాగ్రత్తరా! మనుషులు దొరుకుతారు, మోటర్లు దొరకవు!" ఆమెని చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "మళ్ళీ వచ్చావా చెవులమ్మా? ఈసారి నా గోడలు ఏం కూస్తాయంట?"

"హాల్లో చెక్కలుండేవా?"

"ఉండేవి. ఇన్సూరెన్సు వాడు అడిగినవన్నీ నువ్వూ అడుగు."

హాల్లో ఇంకా మసి వాసన పోలేదు. వెనక తలుపు పక్క గోడ మీద ఆమె గీసిన సుద్దగీత అలాగే ఉంది. కూలిన ఎదురు గోడ స్థానంలో, గాలి ఆడకుండా మొన్న కట్టించిన టార్పాలిన్ ఉంది. గీత ఉన్న గోడ అడుగున ఒకే ఎత్తున వరసగా తుప్పు రంగు మేకులు పొడుచుకొచ్చి ఉన్నాయి. మొన్న కూడా చూసింది వాటిని. దేనికో అనుకుంది. ఇప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని, టేపు సిమెంటుకి ఆనించి, మేకు దాకా లాగింది.

తొమ్మిది అంగుళాలు.

లేచి, చెక్కలు ఉన్నట్టే అనుకుని, ఆ ఎత్తు నుంచి సుద్దగీత దాకా కొలిచింది. మూడడుగుల ఏడంగుళాలు. మళ్ళీ కొలిచింది. మళ్ళీ అంతే. కత్తెరక్క చెక్కల మీద నిలబడి మాట్లాడితే ఆమె మాట ఈ గీత కన్నా జానెడు పైన అంటుకోవాలి. మూడడుగుల ఏడంగుళాల ఎత్తున నోరుండేది పిల్లలకి. కార్ఖానాలోకి పిల్లల్ని రానివ్వరు. లేదా కూర్చున్న మనిషికి.

మూల దారం పెట్టె ఒకటి కాలకుండా మిగిలింది. చెక్కల ఎత్తుకి కింద తొమ్మిది అంగుళాలు ఇటుకలు పేర్చి, దాన్ని వాటి మీద పెట్టి గోడ పక్కన కూర్చుంది. ఆమె నోరు గీతకి మూడంగుళాలు కింద ఆగింది. తనకన్నా పొడుగు మనిషి అయితే సరిపోతుంది.

"ఇక్కడ కుర్చీలుండేవా?" అని కేక వేసింది.

"కుర్చీ వేస్తే కూర్చుంటారు," గుమ్మంలోంచి ఓనరు. "కూర్చుంటే పని ఎవడు చేస్తాడు? స్టూలు కూడా ఉండనివ్వను హాల్లో."

అయితే కూర్చున్నవాళ్ళు పీట వెంట తెచ్చుకున్నారు.

డిజైన్ల బీరువా ఉండే చోట గోడ నల్లబడి ఉంది. మొన్న అక్కడ గిన్నె పెడితే ఏమీ వినపడలేదు. 'వేడికి మాటలు పోయినవి' అని రాసింది. మంటల్లో కాలిన గోడలు అలాగే ఉంటాయి కదా అని. ఇప్పుడు గుడ్డ తడిపి, తుడిచి, గిన్నె ఆనించి, కళ్ళు మూసుకుంది.

కాలిన గోడలో మాట మిగలకపోయినా చప్పుడు మిగులుతుంది. చిటపటలు, తెగిన అక్షరాలు, పెనం మీద నీటిచుక్క వేసినట్టు. ఇక్కడ అది కూడా లేదు. కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది గోడ. అంగుళం అంగుళం జరుపుతూ వెళ్ళింది. రెండు బారల వెడల్పున ఒక్క చప్పుడు లేదు. ఆ తర్వాత, కత్తితో కోసినట్టు, చిటపటలు మొదలయ్యాయి.

మంటలకి ముందే ఎవరో ఈ గోడ వినేశారు.

చెవులమ్మ గిన్నె దించలేదు. వినే పని మొదలుపెట్టేముందు ఎవరైనా చేసేది ఒకటే. తలుపులు మూయించడం. గాలి ఆడితే తడిగోడ మీద మాట చెదిరిపోతుంది. కాపలా ఉన్నవాళ్ళకి చెప్పాలి, తాళం వెయ్యి, నేను చెప్పేదాకా తియ్యకు అని. ఈ హాల్లోనే, మొన్న గిన్నె పెట్టే ముందు, ఆమె కూడా కానిస్టేబులుకి సరిగ్గా ఆ మాటే చెప్పింది. చెప్పి, ఇటు తిరిగి, గోడలోంచి అదే మాట విని, ఎవరో మేస్త్రీ మాట అనుకుని రాసుకుంది. రోజూ తన నోట్లో నానే మాట కాబట్టే అది ఎవరిదో ఆలోచించలేదు.

శాఖలో అయిదుగురూ నిలబడే వింటారు. ఊళ్ళో కూర్చుని వినే మనిషి ఒక్కడే. మోకాళ్ళు పోయినప్పటి నుంచి స్టూలంత ఎత్తుండే మడత పీట చంకలో పెట్టుకుని తిరుగుతాడు. రిటైరయ్యాడు. అయినా విచారణల్లో శాఖకి సలహాదారు. ఈ కాగితాన్ని శనివారం ఆయనకి చూపించాకే ఆమె పైకి పంపింది. ఆయన ఆమె మేనమామ.

"ఏమంటోంది గోడ?" అన్నాడు ఓనరు.

"ఏమీ అనడం లేదు," అంది చెవులమ్మ.

బుధవారం మామయ్య భోజనానికి వచ్చాడు. ప్రతి బుధవారం వస్తాడు. సోఫాలో కూర్చుంటే లేవలేనని, బల్ల దగ్గర తన పీట వేసుకుని కూర్చున్నాడు. అమ్మ వడ్డిస్తోంది.

"ఒరే, మాట్లాడింది చాలు, చల్లారిపోతోంది."

"తింటున్నానక్కా. నీ కూతురే తినడం లేదు. వచ్చినప్పటి నుంచి నన్ను గోడని చూసినట్టు చూస్తోంది."

"అది అందర్నీ అలాగే చూస్తుంది. పెళ్ళిచూపుల్లో కూడా అలాగే చూసింది. ఆ వచ్చినవాళ్ళు మళ్ళీ కనపడలేదు."

మామయ్య గట్టిగా నవ్వాడు. చెవులమ్మ లేచి చెయ్యి కడుక్కుంది. "మామయ్యా, ఓసారి బాల్కనీలోకి రా."

నవ్వు ఆగింది. ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు, బాల్కనీకి గోడ లేదని, ఇనప చువ్వలేనని.

ఆయన పీట తెచ్చుకుని చువ్వల పక్కన వేసుకుని కూర్చున్నాడు. కింద బస్సులు పోతున్నాయి.

"డ్రైవరు నిన్ను పిలిచాడా?" అంది.

చనిపోయిన వాచ్‌మన్ అంతకుముందు వినికిడి శాఖలో జీపు నడిపేవాడు. వాళ్ళిద్దరికీ అతను ఎప్పటికీ డ్రైవరే.

మామయ్య బుకాయించలేదు. "వాడే వచ్చాడమ్మా. డిజైన్లు పోతున్నాయని ఓనరు వాడి మీద పడ్డాడట. 'అయ్యా, దొంగ ముద్ర వేయించుకుని బతకలేను, ఒక్కసారి ఆ గోడ వినండి' అన్నాడు. సర్కారు ఉత్తర్వు లేకుండా వినకూడదని నాకూ తెలుసు. కానీ రిటైరయ్యాక నన్ను ఒక గోడ దగ్గరికి పిలిచిన మనిషి లేడు. నాలుగేళ్ళు. వెళ్ళాను."

"అప్పుడు ఆడవాళ్ళెక్కడున్నారు?"

"టీ వేళ. అందరూ డాబా మీదున్నారు. అరగంటలో అయిపోయింది. దొంగ వాడు కాదు. వేరే ఎవరివో మాటలు దొరికాయి. ముందు వాకిట్లోంచి బయటికొచ్చి గేటు దగ్గర వాడితో ఆ మాట చెప్పాను. ఏడ్చేశాడు. నా చేతులు పట్టుకున్నాడు. ఆటో ఎక్కాను."

"తాళం తియ్యమని చెప్పలేదు."

ఆయన చువ్వల్లోంచి కిందికి చూశాడు. "ఆ సంతోషంలో మర్చిపోయాను."

"నువ్వు చెప్పేదాకా తియ్యడు."

"తియ్యడు. జీపులో కూర్చోమంటే సాయంత్రం దాకా కూర్చునేవాడుగా." చేతి వేళ్ళు ఒక్కొక్కటే నొక్కుకున్నాడు. "ఆటోలో సగం దూరం వెళ్ళాక గుర్తొచ్చింది. వాడే తీసేస్తాడులే అనుకున్నాను."

లోపల అమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు.

"సరే, అది మర్చిపోవడం," అంది చెవులమ్మ. "శనివారం నీకు కాగితం చూపించాను. నాలుగడుగుల నాలుగు అని పైకి చదివావు. అక్కడ చెక్కలుండేవని నాకు తెలియదు. నీకు తెలుసు. వాటి మీదే పీట వేసుకున్నావు. 'బాగుంది, పంపించెయ్యి' అన్నావు."

"కొలిచింది నువ్వు. నేను కాదు."

చాలా మామూలుగా అన్నాడు. పని నేర్పేటప్పుడు తప్పు దిద్దేది కూడా ఆ గొంతుతోనే.

"అయినా ఇప్పుడు మించిపోయిందేముంది?" గొంతు తగ్గించాడు. "ఆ మేస్త్రీని నేనూ జైలుకి పంపాలనుకోవడం లేదు. కూర్చున్న మనిషి మాట అని దిద్ది రాయి. అది నిజమే. ఎవరని అడుగుతారు. ఓనరని చెప్పు. వాడూ పొడుగే. ఊళ్ళో వాణ్ణి నమ్మేవాడు లేడు. తాళాలు వేయించే బుద్ధి ఉన్నవాడే."

"ఆయన అప్పుడు ఎక్కడున్నాడు?"

"ముందు గదిలో. తలుపేసుకుని ఫోన్లో ఎవణ్ణో తిడుతున్నాడు. నేను ఆ గది ముందు నుంచే కదా వచ్చాను. వాణ్ణి ఇంకెవరూ చూడలేదు."

"అయితే ఆయన హాల్లో లేడని నీకు తెలుసు."

"నాకెలా తెలుస్తుంది? నేను అక్కడ లేనుగా," అన్నాడు మామయ్య.

ఒక బస్సు ఆగి, మనుషుల్ని దింపి, వెళ్ళిపోయింది.

"నా పేరు చెప్తే నీకేమవుతుందో ఆలోచించావా? మేనమామ చేసిందాన్ని మేనకోడలు తప్పుగా కొలిచింది, మేనమామే చూసి పంపించాడు. పొరపాటని ఒక్కడూ అనుకోడు. నీ పాతికేళ్ళ కాగితాలన్నీ తిరగేస్తారు. మళ్ళీ నీ చేతికి గిన్నె ఇవ్వరు."

గుమ్మంలో అమ్మ. "ఏంటి మామా కోడళ్ళ గుసగుసలు? సలహాదారు గారూ, ఎంగిలి చెయ్యి ఎండిపోతోంది, కడుక్కోండి."

"వస్తున్నానక్కా." ఒక చేత్తో చువ్వ, ఇంకో చేత్తో చెవులమ్మ భుజం పట్టుకుని లేచాడు. ఎప్పుడూ అలాగే లేస్తాడు. ఆమె భుజం వంచలేదు, తీయలేదు.

గురువారం పొద్దున్న స్టేషనుకి వెళ్ళింది. కత్తెరక్కని వెనక గదిలో ఉంచారు. బెంచీ ఉంది కానీ ఆమె నిలబడే ఉంది.

"కూర్చోండి."

"అలవాటు లేదు." కుడి బొటనవేలి మీద కత్తెర పట్టి పట్టి కాయ కాసిన చోట ఎడమచేత్తో రుద్దుకుంటోంది. "ఏమైంది కొలత?"

చెవులమ్మ చెప్పింది. తొమ్మిది అంగుళాలు, మూడడుగుల ఏడు, కూర్చున్న మనిషి. కత్తెరక్క కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది.

"అయితే నన్ను వదిలేస్తారా?"

"రేపు దిద్దిన కాగితం చదువుతాను. కూర్చున్నది ఎవరని అడుగుతారు."

"ఓనరు పేరు రాసెయ్యి."

"ఆయన ఆ టైములో హాల్లో లేడు."

"ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి? పద్దెనిమిదేళ్ళు నిలబెట్టాడు. కడుపుతో ఉన్నవాళ్ళని నిలబెట్టాడు. ఆ వెనక తలుపు వెడల్పు చేయించమని నాలుగుసార్లు అడిగాను. 'నువ్వు పట్టే తలుపే కదా, నీకెందుకు' అన్నాడు. మేమంతా ఒకే మాట మీద నిలబడతాం. చూశామని చెప్తాం."

చెవులమ్మ గోడ వైపు తిరిగింది.

కత్తెరక్క దగ్గరికి వచ్చింది. తల ఎత్తి చూసింది. "ఎవరో నీకు తెలిసిపోయింది."

"తెలిసింది."

"నీవాళ్ళా?"

కానిస్టేబులు గుమ్మంలో కుర్చీ జరుపుకుంది. చెవులమ్మ తలొంచుకుని సంచి సర్దుకుంది. అదే జవాబైంది.

"మరీ మంచిది," అంది కత్తెరక్క. "నీవాళ్ళు బయట, నేను బయట, వాడు లోపల. ముగ్గురికీ సుఖమేగా. నీకు కష్టం ఎక్కడొచ్చింది?"

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. ఆ ప్రశ్నతోనే చెవులమ్మ ఆటో ఎక్కింది. ఆఫీసులో కూర్చుని దిద్దిన కాగితం రాసింది. కొలతలు రాసింది, మేకుల సంగతి రాసింది, ముందే వినేసిన గోడ సంగతి రాసింది. తాను మొదటిసారి తప్పు కొలిచానని రాసింది. 'మాట అన్నవారు' అన్న చోట ఖాళీ వదిలి, మూడుసార్లు పెన్ను పెట్టి, మూడుసార్లు తీసింది.

శుక్రవారం పదిన్నరకి విచారణ గది నిండిపోయింది. కట్లు కట్టుకున్న ఆడవాళ్ళు ముందు వరసల్లో ఉన్నారు. చివరి బెంచీ మీద డ్రైవరు భార్య, పక్కన ఎవరూ లేకుండా కూర్చుంది. విచారణాధికారి పెన్సిళ్ళని ఎత్తు ప్రకారం బల్ల మీద వరసగా పెట్టుకునే మనిషి. ఆయన కుడిపక్క కుర్చీలో మామయ్య ఉన్నాడు. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు, కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

చెవులమ్మ నిలబడి చదివింది. గొంతు ఎత్తలేదు, తగ్గించలేదు.

"అంటే మొదటి కాగితం తప్పు," అన్నాడు అధికారి.

"తప్పు. నాదే. కాలిపోయిన నేలని లెక్కలోకి తీసుకోలేదు."

"పాతికేళ్ళ అనుభవం అన్నారే?"

"అనుభవం ఉందనే ఎవర్నీ అడగలేదు."

అధికారి ఒక పెన్సిలు పక్కకి జరిపాడు. కత్తెరక్కని నిలబెట్టి కానిస్టేబులు చేత కొలిపించాడు. నోటి ఎత్తు నాలుగడుగుల నాలుగంగుళాలు. దానికి తొమ్మిది కలిపి కాగితం మీద రాసుకున్నాడు, చూశాడు, కొట్టేశాడు.

"ఈమెకి సంబంధం లేదు. కూర్చోండమ్మా."

కత్తెరక్క కూర్చుంది. కుర్చీ అంచున, ఎవరైనా లేపేస్తారేమో అన్నట్టు. ముందు వరసలో ఎవరో వెక్కి ఏడ్చారు.

చెవులమ్మకి అంతటితో ఆపొచ్చనిపించింది. అనాల్సిన పని ఇక లేదు. 'తెలియదు' అంటే చాలు.

"అయితే కూర్చుని ఆ మాట అన్నది ఎవరు?" అన్నాడు అధికారి.

"ఓనరే!" ముందు వరసలోంచి ఒక గొంతు. వెంటనే పది. "ఇంకెవడు! వాడే! మేం చూశాం!"

ఓనరు లేచాడు. "ఆ పూటంతా నేను ముందు గదిలో ఉన్నాను. ఫోన్లో ఉన్నాను. దేవుడి మీద ఒట్టు!" గది అంతా కలయచూశాడు. "ఒక్కరైనా చెప్పండే! నా గొంతు వినపడలేదా మీకు? ఎప్పుడూ వినపడేదేగా!"

ఎవరూ తలెత్తలేదు. అంత పొడుగు మనిషి బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. కత్తెరక్క తన బొటనవేలు చూసుకుంటోంది.

"ఆ ముందు గది గోడ ఎందుకు వినలేదు?" అధికారి చెవులమ్మని అడిగాడు.

"పూర్తిగా కాలిపోయిందండి."

"సలహాదారు గారి అభిప్రాయం?"

మామయ్య కళ్ళజోడు పెట్టుకున్నాడు. తొందరపడలేదు. "కొలత సరిగ్గా ఉంది. నా మేనకోడలని చెప్పడం కాదు, తప్పుని తనే పట్టుకుంది, మెచ్చుకోవాలి. ఇక మనిషంటారా, ఆ ఎత్తూ, వాచ్‌మన్ మీద ఆ అధికారం, రెండూ కలిసేది ఓనరు గారి దగ్గరే. ఇంకొకరికి అవకాశం కనపడదు."

అధికారి అన్నిటికన్నా పొడుగు పెన్సిలు తీశాడు. "రాసుకుంటున్నాను. ఎవరైనా ఏమైనా చెప్పేది ఉందా?"

చివరి బెంచీ దగ్గర డ్రైవరు భార్య లేచింది.

"నాకొక్కటే తెలియాలయ్యా. మా ఆయన ఈ ఓనరు మాట మీద తాళం వేసి, ఈయన చెప్పేదాకా తియ్యకుండా కూర్చున్నాడని రాస్తున్నారా?"

"అవునమ్మా."

"ఈయన తలుపు మూయమంటే మా ఆయన కిటికీ కూడా తెరిచేవాడు. రోజూ ఇంటికొచ్చి అదే చెప్పి నవ్వేవాడు. తనని దొంగ అన్నవాడి మాట కోసం ఎవరైనా అంతసేపు ఆగుతారా? ఆయన ఎవరి మాటకో విలువిచ్చి ఆగాడు. చచ్చేదాకా ఆగాడు. అది ఎవరో తెలుసుకోవాలని వచ్చాను. తెలియదంటే తెలియదని రాయండి. వీడి పేరు మాత్రం మా ఆయన పక్కన రాయకండి."

అధికారి పెన్సిలు కాగితానికి ఆనించి ఉంది. మామయ్య చెవులమ్మ వైపు చూశాడు. చాలా కొద్దిగా, ఆమెకి మాత్రమే తెలిసేంత, తల అడ్డంగా ఊపాడు.

"ఆవిడ బాధలో ఉన్నారు," అన్నాడు అధికారితో. "రాసుకోండి."

"రాయకండి," అంది చెవులమ్మ.

అధికారి తలెత్తాడు.

"డిజైన్ల బీరువా గోడ మంటలకి ముందే ఎవరో వినేశారని కాగితంలో రాశాను. మీరు దాని గురించి అడగలేదు." ఒకసారి ఆగి మళ్ళీ మొదలుపెట్టింది. "వినే ముందు తలుపులకి తాళం వేయిస్తాం. గాలి ఆడకూడదని. గోడలో నాకు దొరికిన మాట ఓనర్లు అనే మాట కాదు. మేం అనే మాట. అయిదుగురం నిలబడి వింటాం. కూర్చుని వినే మనిషి ఒక్కరే ఉన్నారు. తన మీద పడ్డ దొంగతనం పోగొట్టమని వాచ్‌మన్ ఆయన్నే పిలుచుకున్నాడు. పని అయ్యాక తాళం తియ్యమని చెప్పడం ఆయన మర్చిపోయాడు. మొన్న బుధవారం నాతో చెప్పాడు. నా మొదటి కాగితంలో తప్పుందని తెలిసి కూడా పంపించమన్నాడు. ఇందాక మీకు ఓనరు గారి పేరు చెప్పింది కూడా ఆయనే."

డ్రైవరు భార్య ఇంకా నిలబడే ఉంది.

"ఎవరో స్పష్టంగా చెప్పండి," అన్నాడు అధికారి. "రికార్డుకి కావాలి."

"మా మామయ్య," అంది చెవులమ్మ. "మా అమ్మ తమ్ముడు, నాకు ఈ పని నేర్పినవాడు. మీ కుడిపక్క కూర్చున్న సలహాదారు. తాళం వెయ్యమన్నది ఆయన."